నెల్లూరు తీరంలో పరుగు: బీచ్ కాదు బ్రో, కాలువ కట్ట చూడండి

ఈ ఎపిసోడ్ చాలా రోజులుగా పెండింగ్‌లో ఉంది. "అన్నా, నెల్లూరు వైపు పరిగెత్తడానికి మంచి రూట్లు చెప్పు" అని అడుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్లలో రెండు రకాలు. సండే పొద్దున రన్ కొట్టి ఇన్‌స్టాలో స్టోరీ పెట్టేవాళ్లు ఒకరు, కానిస్టేబుల్‌కో అగ్నివీర్‌కో ప్రిపేర్ అవుతూ ఊరి రోడ్డు మీద తెల్లారకముందే పరిగెత్తే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంకొకరు. ఇద్దరికీ పనికొచ్చేలా చెప్తా.

ముందే ఒక మాట. "టాప్ 10 రూట్స్" లిస్ట్ ఇవ్వను. వానాకాలంలో కట్ట తెగుతుంది, ఎండాకాలంలో రోడ్డు వేస్తారు, లిస్ట్ ఆరు నెలల్లో పాతదైపోతుంది. దాని బదులు ఈ తీరాన్ని ఎట్టా చదవాలో చెప్తా. అది తెలిస్తే మీ రూట్ మీరే వేసుకుంటారు.

తీరం అంటే అయిదు పట్టీలు

ఫోన్‌లో మ్యాప్ తెరవండి. శాటిలైట్ వ్యూ పెట్టండి. కావలి దగ్గర తుమ్మలపెంట నుంచి కిందికి, రామతీర్థం, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం దాకా నెమ్మదిగా జరపండి. ఏం కనిపిస్తోంది? సముద్రానికి సమాంతరంగా, పై నుంచి కిందికి పట్టీలు పట్టీలుగా ఉంటుంది నేల.

మొదటి పట్టీ తడి ఇసుక. రెండోది పొడి ఇసుక, సరుగుడు తోటలు, మత్స్యకారుల పాళేలు. మూడోది నీలం గీతలా కనిపించే బకింగ్‌హామ్ కాలువ. నాలుగోది గళ్లు గళ్లుగా రొయ్యల గుంటలు. అయిదోది పచ్చగా వరి. కొన్ని చోట్ల గుంటలు కాలువకి రెండు పక్కలా ఉంటాయి, అల్లూరు దగ్గర ఇసకపల్లి వైపు ఉప్పు మళ్లు తగులుతాయి. కానీ మొత్తం బొమ్మ ఇదే.

ఇందులో ఒక సింపుల్ లాజిక్ ఉంది. పట్టీ వెంబడి పరిగెత్తితే ఉత్తరం–దక్షిణం వెళ్తాం. పట్టీలని అడ్డంగా దాటితే తూర్పు–పడమర వెళ్తాం. రెండింటికీ ఎండ వేరు, గాలి వేరు, ట్రాఫిక్ వేరు.

బీచ్: ఫోటోకి సూపర్, కాళ్లకి పరీక్ష

మైపాడు నెల్లూరు నుంచి సుమారు 25 కిలోమీటర్లు, ఇందుకూరుపేట మీదుగా వెళ్తాం. సూర్యుడు నేరుగా నీళ్లలోంచి లేస్తాడు. మే చివర్లో 5:40 ప్రాంతంలో, జనవరి మధ్యలో 6:40 ప్రాంతంలో. అంటే సీజన్‌ని బట్టి అలారం గంట మారుతుంది, గుర్తుపెట్టుకోండి.

చూడ్డానికి అద్భుతం. పరిగెత్తడానికి మాత్రం రెండు సమస్యలు. ఒకటి, పొడి ఇసుక. గట్టి నేల మీద పరుగుతో పోలిస్తే ఇసుక మీద పరుగుకి దాదాపు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని 1998లో వచ్చిన ఒక పరిశోధనలో కొలిచారు. అయిదు కిలోమీటర్లు పరిగెత్తి ఎనిమిదికి సరిపడా అలసిపోతామన్నమాట. రెండు, వాలు. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది, కానీ సముద్రం వైపు ఒరిగి ఉంటుంది. ఒకే దిక్కుకి పోతే ఒక కాలు పైన, ఒక కాలు కింద. మోకాలు, తుంటి ఊరుకోవు. అందుకే వెళ్లినంత దూరం వెనక్కి కూడా అదే తడి ఇసుక మీద రండి, రెండు కాళ్లకీ సమానం అవుతుంది.

బీచ్ రన్‌కి ఆటు సమయం చూసుకోండి. నీరు వెనక్కి తగ్గినప్పుడే గట్టి ఇసుక వెడల్పుగా దొరుకుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇంకా బాగా తగ్గుతుంది. ఈ టైము రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంటుంది. ఇవాళ ఆరింటికి బాగుందని వచ్చే ఆదివారం కూడా ఆరింటికే వస్తే నీళ్లు కాళ్ల కిందికొచ్చేస్తాయి.

బీచ్ మొత్తం ఒకే ముక్క కూడా కాదు. పెన్నా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది, కృష్ణపట్నం దగ్గర కండలేరు క్రీక్ ఉంది. నది మొగ దగ్గర ఇసుక ఇవాళ ఉన్నట్టు రేపుండదు. మోకాలి లోతే కదా అని దిగొద్దు. అక్కడితో వెనక్కి తిరగడమే రూట్.

బీచ్ మనకి గ్రౌండ్, మత్స్యకారులకి ఆఫీస్. అలివి వల లాగేటప్పుడు తాడు ఇసుక మీద అడ్డంగా ఉంటుంది. దాటి దూకొద్దు, వాళ్ల వెనక నుంచి చుట్టి వెళ్లండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఆ నెలల్లో చీకట్లో హెడ్‌ల్యాంప్ వేసుకుని బీచ్ మీద పరిగెత్తొద్దు. వెలుతురుకి అవి బెదిరి వెనక్కి పోతాయి. వెలుగొచ్చాక వెళ్దాం, ఏం పోతుంది?

అసలు హీరో: కాలువ కట్ట

ఇప్పుడు నా ఫేవరెట్. చెన్నై ఓఎంఆర్‌లో జాబ్ చేసినవాళ్లకి ఒక కాలువ తెలిసే ఉంటుంది, ఐటీ ఆఫీసుల పక్కన నల్లగా పారుతుంది. నేను రోజూ బస్సులోంచి చూసేవాణ్ణి. అదే కాలువ మన మైపాడు వెనక కూడా ఉంది. రెండూ బకింగ్‌హామ్ కాలువే.

1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు చిన్న కాలువగా మొదలై, తర్వాత దశాబ్దాల్లో ఉత్తరానికి పెరుగుతూ నెల్లూరు తీరం దాటి పెదగంజాం దాకా వచ్చింది. 1876–78లో ధాత కరువు. తిండి లేని జనానికి కరువు పనుల కింద మద్రాసు నగరంలో మిగిలిపోయిన ముక్క తవ్వించి కలిపారు. అప్పటి గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్, ఆ పేరే నిలిచింది. ఉప్పు, బియ్యం, సరుగుడు కట్టెలు పడవల్లో మద్రాసు చేరేవి. గాలి ఉంటే తెరచాప. గాలి లేకపోతే? మనుషులు పడవకి తాడు కట్టి, కట్ట మీద నడుస్తూ లాగేవాళ్లు.

అంటే ఆ కట్ట మనుషులు నడవడానికి పనికొచ్చిన దారి. బండ్ల కోసం వేసింది కాదు. అందుకే పరుగుకి అంత బాగా కుదురుతుంది. మట్టి నేల, ఎక్కడా ఎత్తు పల్లాలు లేవు, లారీలు రావు, ఒక పక్క నీళ్లు, ఒక పక్క సరుగుడు నీడ. ఉత్తరం–దక్షిణం కాబట్టి పొద్దున సూర్యుడు పక్క నుంచి ఉంటాడు, కళ్లలో కొట్టడు. 2004 డిసెంబర్ 26 సునామీలో పెదగంజాం నుంచి చెన్నై దాకా ఈ కాలువే వచ్చిన నీటిని చాలావరకు తనలో పట్టుకుంది. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది, గట్లు తెగాయి, చిల్లకంప పెరిగింది. కట్ట మీద మనుషుల నడక ఆగిపోతే అది ఇంకా త్వరగా పోతుంది. మన పరుగు వల్ల కాలువ బాగుపడుతుందని చెప్పను. కానీ రోజూ నలుగురు తిరిగే కట్టకి తెగిన చోటు గురించి అడిగేవాళ్లయినా ఉంటారు.

ఎట్టా మొదలుపెట్టాలి? తీరం ఊళ్లకి వెళ్లే ప్రతి రోడ్డూ ఎక్కడో ఒకచోట వంతెన మీద కాలువ దాటుతుంది. ఆ వంతెన దగ్గర బండి ఆపండి. శాటిలైట్ వ్యూలో లేత రంగు గీత కాలువ పక్కనే నిలకడగా కనిపిస్తే దారి ఉన్నట్టు. మొదటి రోజు పరిగెత్తొద్దు, రెండు కిలోమీటర్లు నడవండి. చిల్లకంప ముల్లు షూ సోల్‌లోంచి దిగిపోద్ది, చూసుకోండి. గడ్డి మోకాలెత్తు ఉంటే వద్దు, పాములుంటాయి. ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ పోతుంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి అసలు వానలు, తుపాన్లు. అప్పుడు కట్ట బురద, ఆ మూడు నెలలు తారు రోడ్డే.

రొయ్యల గుంటలు: దూరం నుంచే

గుంటల గట్లు మ్యాప్‌లో ట్రాక్‌లా నీట్‌గా కనిపిస్తాయి. టెంప్ట్ అవ్వొద్దు. ఏరియేటర్లకి కరెంటు వైర్లు గట్ల మీదుగానే పోతాయి, తడి నేల, తెల్లవారుజాము చీకటి. అది చాలు ప్రాణం పోవడానికి. ఇంకో కారణం రైతుది. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యని ఊడ్చేసింది, ఎన్నో కుటుంబాలు అప్పుల్లో పడ్డాయి. తర్వాత వనామి వచ్చింది, భయం మాత్రం పోలేదు. ఒక గుంట నీళ్లు, బురద కాళ్లకి అంటుకుని ఇంకో గుంటకి చేరితే రోగం చేరినట్టే. కాబట్టి కాపలా అన్న "ఎవురయ్యా అది?" అని కేకేస్తే కోపం తెచ్చుకోవద్దు. లక్షల సరుకు ఆ నీళ్లలో ఉంది.

అడ్డ రోడ్లు: వరి మధ్యలో తారు

నెల్లూరు నుంచి తీరానికి వచ్చే రోడ్లు తూర్పు–పడమర. రెండు పక్కలా వరి, కొంగలు, కాలువ నీళ్ల చప్పుడు. తారు బాగుంటుంది, స్పీడ్ ప్రాక్టీస్‌కి ఇదే కరెక్ట్. ఒక్క డేంజర్ ఉంది. రోడ్డుకి కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా పరిగెత్తడం మంచి అలవాటు. కానీ పొద్దున తీరం వైపు వెళ్లే డ్రైవర్‌కి సూర్యుడు సూటిగా కళ్లలో ఉంటాడు. మీరు పడమటికి తిరిగొచ్చేటప్పుడు మీకు ఎదురొచ్చేది ఆ బండే. మీకు అతను కనిపిస్తాడు, అతనికి మీరు కనిపించరు. బండి చప్పుడు వినగానే తారు దిగి మట్టి మీదికి రండి. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ అసలొద్దు.

కృష్ణపట్నం పోర్టు రోడ్లు, నేలటూరు థర్మల్ ప్లాంట్ వైపు రోడ్లు పూర్తిగా వదిలేయండి. వెడల్పుగా, నున్నగా ఉంటాయి, నిజమే. కానీ అవి లారీల రోడ్లు. మార్చి, ఏప్రిల్‌లో ఊరి రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, తొక్కకుండా పక్క నుంచి పోండి. పులికాట్ మధ్యలోంచి సూళ్లూరుపేట–శ్రీహరికోట రోడ్డు గురించి కూడా అడుగుతారు. 2022 నుంచి అది తిరుపతి జిల్లా. చలికాలంలో రెండు పక్కలా నీళ్లు, ఫ్లెమింగోలు, అందంలో దానికి పోటీ లేదు. కానీ అది షార్‌కి వెళ్లే దారి, సెక్యూరిటీ ఉంటుంది. దాన్ని బండిలో చూసి ఆనందించండి, పరుగుకి కాదు.

గాలి, ఎండ, చెమట

డిసెంబర్, జనవరిలో గాలి ఈశాన్యం నుంచి. ముందు ఉత్తరానికి ఎదురుగాలిలో వెళ్లండి, అలసిపోయాక గాలే తోస్తుంది. వేసవి సాయంత్రం గాలి దక్షిణం, ఆగ్నేయం నుంచి. అప్పుడు లెక్క తిరగబడుతుంది. వెనక గాలితో సమానంగా పరిగెత్తితే ఒంటికి గాలే తగలదు, ఉడికిపోతాం. అందుకే వేసవిలో ముందు ఉత్తరానికి పోయి, ఒళ్లు వేడెక్కాక ఎదురుగాలిలో తిరిగి రండి.

తీరంలో ఎండ కంటే ఉక్క ప్రమాదం. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది అంతే. "చెమట పడుతోంది కదా, నాకేం కాదు" అనుకోవద్దు. పరిగెత్తేవాళ్లకి చెమట కారుతుండగానే వడదెబ్బ తగలొచ్చు. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, మాట తడబడటం, ఇందులో ఏది కనిపించినా ఆగిపోండి. నీడలోకి తీసుకెళ్లి, ఒంటి మీద నీళ్లు పోసి, విసురుతూ, 108కి ఫోన్ చేయండి. రోహిణి కార్తెలో అయితే ఏడు గంటలకల్లా ఇంట్లో ఉండాలి. తర్వాత ఉప్పేసిన మజ్జిగ, తాటి ముంజలు. అంతకంటే రికవరీ డ్రింక్ ఏముంది?

అమ్మాయిలకి ఒక మాట. కట్ట ఎంత బాగున్నా ఒంటరిగా, చీకట్లో వద్దని చెప్పాల్సి రావడం నాకూ బాధే, కానీ నిజం అది. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకి పెట్టండి, 112 గుర్తుంచుకోండి. నాట్లకి, కలుపుకి వెళ్లే అక్కలు ఆటోల్లో వచ్చే టైములో రోడ్డు నిండుగా ఉంటుంది. అది మంచి టైము.

1600 మీటర్ల బ్యాచ్‌కి

చివరగా, ఉద్యోగం కోసం పరిగెత్తేవాళ్లకి. అగ్నివీర్‌లో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేస్తే పూర్తి 60 మార్కులు. మన రాష్ట్రంలో కానిస్టేబుల్‌కి మగవాళ్లకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో. ఊళ్లో ట్రాక్ లేదు, ఫోన్ జీపీఎస్ అంత దూరంలో కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. మరి ఎట్టా కొలుచుకోవాలి? రోడ్డు పక్కన కిలోమీటర్ రాళ్ల మధ్య 2, 4, 6, 8 అని చిన్న రాళ్లుంటాయి చూడండి. అవి 200 మీటర్లకి ఒకటి. ఒక కిలోమీటర్ రాయి దగ్గర మొదలై, తర్వాతి కిలోమీటర్ రాయి దాటి, 6 అని ఉన్న రాయి దగ్గర ఆగితే సరిగ్గా 1600. మొత్తం ఎనిమిది ముక్కలు. 8 నిమిషాలకైతే ముక్కకి 60 సెకన్లు, 5:30కైతే ముక్కకి 41 సెకన్లు. రాళ్లు పోయిన రోడ్డయితే పొడవాటి టేపుతో ఒక్కసారి 200 మీటర్లు కొలిచి పెయింట్ గుర్తు పెట్టుకోండి.

వారంలో రెండు రోజులు ఈ తారు మీద టైముతో, మిగతా రోజులు కట్ట మట్టి మీద నెమ్మదిగా. రోజూ తారు మీద ఫుల్ స్పీడ్‌లో కొడితే సెలక్షన్ డేట్ వచ్చేసరికి ముంగాలు నొప్పితో కూర్చుంటారు. సంవత్సరం కష్టం ఆ ఒక్క పొద్దున మీద ఆధారపడి ఉంది. కాళ్లని ఆ రోజుకి దాచుకోండి.

ఈ వారం హోంవర్క్: మీకు దగ్గరలో కాలువ దాటే వంతెన ఏదో మ్యాప్‌లో కనిపెట్టండి, వెళ్లి రెండు కిలోమీటర్లు నడిచి చూడండి. ఎదురైనవాళ్లని "అన్నా, ఈ కట్ట ఎందాకా పోద్ది?" అని అడగండి. మ్యాప్‌లో లేని జవాబు వాళ్ల దగ్గరుంటుంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో షూస్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి, బై.