గడప దాటితేనే చలికాలం తరుగుతుంది

అమెరికా సంబంధం అనగానే మన వైపు ముందుగా అడిగేది జీతమెంత, వీసా ఏమిటి అని. వెళ్లిన అమ్మాయి పగలంతా ఏం చేస్తుంది, చలికాలంలో ఎక్కడికి వెళ్తుంది అని అడిగేవాళ్లు తక్కువ. మా అశ్వారావుపేటలో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. అమ్మలు పచ్చళ్లు, పొడులు, ఓ స్వెట్టరు పెట్టెలో సర్ది పంపిస్తారు. పచ్చళ్లు పనికొస్తాయి గానీ స్వెట్టరు మాత్రం ఏ మూలకూ రాదు!

మావారి ఉద్యోగం వల్ల 2017 నుంచి 2019 వరకు రెండు చలికాలాలు చికాగోలో గడిపాను. మనకు పదిహేను డిగ్రీలైతేనే చలిమంటలు వేస్తాం. అక్కడ 2019 జనవరి 30న మైనస్ 30 డిగ్రీలకు దిగింది. ఆ రోజు పోస్టు కూడా పంచలేదు. చికాగో నది మీద మంచు పలకలు తేలాయి. అయితే అలాంటి రోజులు ఏడాదికి ఏ రెండో మూడో. మిగతా రోజుల్లో ఊరంతా మామూలుగానే తిరుగుతుంది. పసిపిల్లల్ని కూడా మూటలా చుట్టి బయటికి తీసుకొస్తారు. తిరగనిది ఎక్కువగా మన ఆడవాళ్లమే.

మా అపార్టుమెంటులో గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి ఉండేది. నవంబరులో దిగింది. ఫిబ్రవరి వచ్చినా శనివారం భర్త కారులో కిరాణా కొట్టుకు వెళ్లి రావడమే ఆమె షికారు. "ఎక్కడికెళ్తాం అక్కా ఈ చలిలో? ఇంట్లో అన్నీ ఉన్నాయిగా" అనేది. అన్నీ ఉన్నాయి నిజమే. మధ్యాహ్నం మూడింటికి కూడా పడుకునే ఉండేది, రాత్రి నిద్ర పట్టేది కాదు. అమ్మతో ఫోనులో మాట్లాడి పెట్టేశాక ఏడ్చేది. ఎందుకని అడిగితే కారణం తనకే తెలియదు.

కారణం కొంత ఆకాశంలోనే ఉంది. డిసెంబరు మూడో వారంలో అక్కడ సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దు గుంకుతుంది. పగలు తొమ్మిది గంటలే. అదే రోజుల్లో మనకు పదకొండు గంటల వెలుతురు ఉంటుంది. ఇలా వెలుతురు తగ్గే కాలంలో కొందరికి వచ్చే దిగులును 1984లో నార్మన్ రోసెంథాల్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవారు జబ్బుగా గుర్తించి వివరించారు. దానికి మందులున్నాయి, ప్రత్యేకమైన దీపం ముందు కూర్చోబెట్టే వైద్యమూ ఉంది. ఉదయంపూట వెలుతురులో నడవడమూ మేలే చేస్తుంది. కాబట్టి "సోమరితనం", "మొగుడితో పడలేదేమో" అని మనం పేర్లు పెట్టకూడదు. దిగులు రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాలి.

ముందు బట్టల సంగతి

ఒక్క లావుపాటి కోటు కంటే పొరలు పొరలుగా వేసుకోవడం మంచిది. ఒంటిని అంటుకుని ఉండే థర్మల్స్, వాటి మీద మన చుడీదారు, ఆ మీద ఉన్ని స్వెట్టరు, చివర గాలి దూరని కోటు. చెవులు మూసే టోపీ, చేతులకు గ్లోవ్స్, జారని బూట్లు తప్పనిసరి. కోటు, బూట్లు అక్కడే కొనుక్కోవాలి. వాడిన బట్టలమ్మే దుకాణాల్లో మంచి కోట్లు చవగ్గా దొరుకుతాయి, నామోషీ పడక్కర్లేదు. చీర కట్టుకుంటే కుచ్చెళ్లు కాస్త పైకే ఉంచుకోవాలి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, అంచు తెల్లగా చారలు కడుతుంది.

మనకు పొగమంచైనా, ఆకాశం నుంచి రాలేదైనా అన్నీ "మంచు" అనే ఒక్క మాటే. అక్కడ వాటిని వేరువేరుగా తెలుసుకోవాలి. మెత్తగా రాలే మంచు హాని చేయదు. అది కరిగి రాత్రికి మళ్లీ గడ్డకడితే అద్దంలా రోడ్డు రంగులో కలిసిపోతుంది. నడుములు విరగ్గొట్టేది అదే. చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనించి వెయ్యాలి. ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు, గాలి కలిసి ఎంత చలి అనిపిస్తుందో అదీ చూడాలి. ఆ లెక్క మైనస్ 28 దగ్గరికి వస్తే అరగంటలోనే కప్పుకోని చర్మం గడ్డకట్టే ప్రమాదముంది. అలాంటి రోజు హాయిగా ఇంట్లో పకోడీలు వేసుకోవడమే!

ఎక్కడికి వెళ్లాం?

మొదటిసారి ఆ అమ్మాయిని తీసుకెళ్లింది హెరాల్డ్ వాషింగ్టన్ లైబ్రరీకి. 1991లో తెరిచిన పెద్ద గ్రంథాలయం. తొమ్మిదో అంతస్తులో గాజు కప్పు కింద విశాలమైన హాలు ఉంది, పేరు వింటర్ గార్డెన్. టికెట్టు లేదు, ఎంతసేపు కూర్చున్నా లేవమనేవారు లేరు. పట్టాలు రోడ్డుకు పైన స్తంభాల మీద నడుస్తాయి కాబట్టి రైల్లోంచి మేడల కిటికీలు, కింద తెల్లబడ్డ వీధులు చూస్తూ వెళ్లొచ్చు. ప్లాట్‌ఫారం మీద నెత్తిన వేడి దీపాలుంటాయి. బొత్తాం నొక్కితే వెలుగుతాయి. గంప కింద కోడిపిల్లల్లా జనమంతా దాని కిందికి చేరతారు. ఆ అమ్మాయి అక్కడికి వచ్చాక నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

తర్వాతి వారం గార్‌ఫీల్డ్ పార్కు కన్సర్వేటరీకి వెళ్లాం. 1908 నాటి గాజు తోట. అప్పట్లో ప్రవేశం ఉచితం. బయట మోకాలి లోతు మంచు, తలుపు తీసి లోపలికి అడుగుపెడితే తడి మట్టి వాసన, ఉక్కపోత. తాటిజాతి చెట్లు, అరటి, కోకో, నిమ్మ జాతులు. పామాయిలు తోటల మధ్య నుంచి వెళ్లినదాన్ని, ఆ ఆకుల కింద నిలబడితే మా దమ్మపేట రోడ్డు కళ్లముందు కదిలింది. కోటు విప్పి చేతిమీద వేసుకుని రెండు గంటలు తిరిగాం. 2011లో వడగళ్ల వానకు దీని అద్దాలు పగిలిపోతే మళ్లీ కట్టుకున్నారు. చలికాలంలో ఇలాంటి చోటు ఎంత అవసరమో వాళ్లకు తెలుసు.

లింకన్ పార్కు జూ కూడా ఏడాది పొడవునా ఉచితమే. డిసెంబరులో నగరం నడిబొడ్డున జర్మనీ పద్ధతి క్రిస్మస్ సంత పెడతారు, 1996లో మొదలైంది. కొనకపోయినా దీపాలు చూసి రావచ్చు. ఆర్ట్ ఇనిస్టిట్యూట్‌కు టికెట్టుంది గానీ ఇల్లినాయి రాష్ట్రంలో ఉండేవారికి కొన్ని రోజులు ఉచితం. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడిన సర్వమత మహాసభ జరిగింది ఆ భవనంలోనే. ఒంటరిగా పరాయి ఊళ్లో దిగిన మనిషే ఆయనా అనుకుంటే ధైర్యం వస్తుంది.

మిచిగాన్ సరస్సు మన పాత ఖమ్మం జిల్లాలాంటివి మూడు పట్టేంత పెద్దది. ఒడ్డున అలలు గడ్డకట్టి గుట్టలవుతాయి. చూసి తీరాలి, కానీ దాని మీద కాలు పెట్టకూడదు. కింద డొల్లగా ఉంటుంది. ముక్కోటి రోజుల్లో భద్రాచలం గుర్తొస్తే లెమాంట్‌లోని రామాలయానికి వెళ్లేవాళ్లం. దానికి మాత్రం కారు కావాలి.

చలి వేరు, కట్టడి వేరు

ఉద్యోగం చేయనివ్వని వీసా మీద వెళ్లిన భార్యలకు ఇల్లే లోకమవుతుంది. గ్రీన్‌కార్డు దారిలో భర్తలు కొంత ముందుకు వెళ్లాక, భార్యలు పనికి అనుమతి అడిగే వీలు 2015 మే నుంచి వచ్చింది. అప్పటిదాకా ఏళ్లు పట్టవచ్చు. ఆలోగా బస్సు, రైలు ఎక్కడం, వీలైతే కారు నడపడం నేర్చుకోవాలి. చలి తలుపు మూస్తే కోటు వేసుకుని తెరవొచ్చు. భర్తే బయటికి వెళ్లనివ్వకుండా, డబ్బు, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుంటే అది చలి కాదు, హింస. చికాగోలో ఇలాంటి దక్షిణాసియా స్త్రీల కోసం 1989 నుంచి 'అప్నా ఘర్' అనే సంస్థ ఉంది. వెళ్లే ముందే అమ్మాయికి ఇలాంటివి ఉన్నాయని చెప్పడం అపశకునమేమీ కాదు.

ఆ గుంటూరు అమ్మాయి దిగులు ఒక్క లైబ్రరీతో పోలేదు. డాక్టరు దగ్గరికీ వెళ్లింది, మందూ వాడింది. కానీ మార్చి నాటికి బస్సెక్కి ఒక్కతే వెళ్లొచ్చేది. తర్వాతి చలికాలం కొత్తగా దిగిన మరో అమ్మాయిని వెంటబెట్టుకుని గాజు తోటకు తీసుకెళ్లింది.

కూతుళ్లను అంత దూరం పంపిన అమ్మలకు ఒక్క మాట. ఫోను చేసినప్పుడు "ఏం వండావే?" అనే అడుగుతాం. ఈ డిసెంబరు నుంచి "ఇవాళ ఎక్కడికెళ్లావే?" అని కూడా అడగండి. నాలుగు రోజులు వరుసగా "ఎక్కడికీ లేదమ్మా" అంటే, అయిదో రోజు ఇంకాసేపు మాట్లాడండి.