ఇంటి కోసం ఏరు దాటే కుర్రపులి

బిడ్డలూ, పత్తి ఏరబోయినవాళ్లు చేలో పులి అడుగులు చూశామంటే ఊరంతా హడలిపోతుంది గదా! ఆ పులి ఎక్కడిదో, ఇటెందుకొచ్చిందో తెలిస్తే ఎలా మసలుకోవాలో కూడా తెలుస్తుంది. చెబుతా వినండి.

చంద్రాపూర్ జిల్లా తాడోబా అడవిలో పులులు బాగా పెరిగాయి. అక్కడ పుట్టిన పిల్ల ఏడాదిన్నర, రెండేళ్లదాకా తల్లి వెంటే తిరిగి వేట నేర్చుకుంటుంది. తర్వాత ఆడపిల్ల చాలాసార్లు తల్లి అడవి పక్కనే చోటు చూసుకుంటుంది. మగపిల్లకు ఆ వీలుండదు. రెండు మూడు ఆడపులులు తిరిగే అడవినంతా ఒక బలమైన మగపులి ఏలుతుంటుంది. ఎదిగిన కుర్రపులి దాని కంటికి పోటీదారే. సింహాల్లోనైతే ఇల్లు వదిలిన అన్నదమ్ములు జట్టుకట్టి పోరాడతారు. కుర్రపులికి తోడెవరూ ఉండరు.

మరి ఎవరి అడవి ఏదో దానికెలా తెలుస్తుంది? వాసనతో. ఏలే పులి చెట్ల మొదళ్ల మీద మూత్రం చిమ్ముతుంది, బెరడును గోళ్లతో గీరుతుంది. అవే దాని హద్దురాళ్లు. అయితే వాసన రోజులు గడిచేకొద్దీ వెలిసిపోతుంది కనుక మళ్లీ మళ్లీ తిరిగి వేయాలి. వాసన తాజాగా ఉంటే కుర్రపులి తప్పుకుంటుంది. పాతబడితే, ఏలిక ముసలిదైందో, చచ్చిందో అని ముందుకు అడుగేస్తుంది. ఎదురుపడినా చాలాసార్లు గాండ్రింపులతోనే తేలిపోతుంది. కాలు దెబ్బతింటే ఒంటరి వేటగాడికి ఆకలిచావే గదా! తెగించి పోరాడి గెలిచిన పులి మాత్రం పాత ఏలిక పిల్లల్ని చంపేస్తుంది. పిల్లలు పోతేనే ఆడపులి త్వరగా మళ్లీ ఎదకొస్తుంది.

చోటు దొరకనిది నడుస్తూనే ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో యవత్మాల్ జిల్లా తిప్పేశ్వర్ అడవిలో ఒక కుర్రపులి జాడ తెలిసేలా దాని మెడకు రేడియో కాలర్ కట్టారు. అది ఆదిలాబాద్ వైపూ తిరిగి, ఆ డిసెంబరుకు బుల్ధానా జిల్లా జ్ఞానగంగ అడవి చేరింది. నడిచింది 1,300 కిలోమీటర్లకు పైమాటే. పగలు పొదల్లో దాగుతూ, రాత్రిళ్లు నడుస్తూ, చాలావరకు మనిషి కంటపడకుండానే పోయింది.

మన ప్రాణహిత నది కూడా పులికి అడ్డుగోడ కాదు, పులి బాగా ఈదగలదు. ఈ ఒడ్డున చప్రాల, ఆ ఒడ్డున కాగజ్‌నగర్ అడవులు, ఆపైన 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల్, తూర్పున ఇంద్రావతి అడవి. ఈ అడవుల నడుమ దారులు తెగిపోతే కుర్రపులి చేలల్లోకి, ఊళ్ల అంచుల్లోకి రాక తప్పదు.

అపాయం లేదని నేననను. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడికి ఇద్దరు బలయ్యారు. అందుకే అడుగులు కనబడిన రోజుల్లో చీకటితో చేలోకి పోకండి. ఇప్పపూలకైనా తునికాకుకైనా గుంపుగా, మాట్లాడుకుంటూ పోండి. పులి కనబడితే ఫోటోల కోసం చుట్టుముట్టవద్దు, దానికి పోయే దారి వదలండి. అడవిపందుల కోసం కరెంటు తీగలు పెట్టనే వద్దు, వాటికి పులీ చస్తుంది, మనిషీ చస్తాడు. ఫారెస్టువాళ్లకు వెంటనే కబురు చేయండి. మనకూ దానికీ ప్రాణం నిలబడే దారి ఇదే.