ఫోన్ నిండిందా? ముందు వీడియోల లెక్క చూడండి
తొందరపడి తొలగిస్తే విలువైన జ్ఞాపకాలు తిరిగిరావు

గాలివానకు నేలవాలిన పైరును ఫొటో తీయబోతే ‘స్టోరేజ్ ఫుల్’ అని తెరపై కనిపిస్తుంది. బ్యాంకు యాప్ అప్‌డేట్ కాదు, వాట్సాప్‌లో వచ్చిన పత్రం తెరుచుకోదు. ఆ కంగారులో చాలామంది గ్యాలరీలోని పాత ఫొటోలను వరుసగా తొలగిస్తుంటారు. దీనివల్ల కలిసివచ్చే జాగా కొద్ది, కలిగే నష్టం ఎక్కువ. కాలం చేసిన పెద్దల ఫొటోలు, పట్టాదారు పాసు పుస్తకం ప్రతులు ఇలా పోతే తిరిగి సంపాదించడం కష్టం.

జాగా తినేది వీడియోలే

ఫోన్‌తో తీసిన ఒక ఫొటో సాధారణంగా 2 నుంచి 5 ఎంబీ ఉంటుంది. 1080పీ వీడియో నిమిషానికి దాదాపు 60 నుంచి 130 ఎంబీ వరకు, 4కే వీడియో 170 నుంచి 350 ఎంబీ వరకు ఆక్రమిస్తుంది. పది నిమిషాల పెళ్లి వీడియో 1 జీబీ దాటవచ్చు. అంత జాగాలో 4 ఎంబీ ఫొటోలు 250 వరకు పడతాయి. కాబట్టి ముందుగా పెద్ద వీడియోలను పరిశీలించడమే మేలు.

వాట్సాప్‌తో మొదలుపెట్టాలి

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరవాలి. 5 ఎంబీకి మించిన ఫైళ్లు, పలుమార్లు ఫార్వర్డ్ అయినవి అక్కడ వేర్వేరుగా కనిపిస్తాయి. శుభోదయం వీడియోలు, హాస్య దృశ్యాలు, ఎన్నికల ప్రచార వీడియోలను ముందుగా తీసివేయవచ్చు. ఇక్కడ తొలగించినవి మళ్లీ దొరుకుతాయని ఆశించరాదు. అందువల్ల ఒక్కొక్కటి చూసి ఎంపిక చేసుకోవాలి. ‘మీడియా ఆటో డౌన్‌లోడ్’లో వీడియోలను నిలిపివేస్తే ఫోన్ మళ్లీ త్వరగా నిండదు.

గూగుల్ ఫొటోస్‌లో జాగ్రత్త

బ్యాకప్ అయిన ఫొటోను గూగుల్ ఫొటోస్‌లో మామూలుగా డిలీట్ చేస్తే ఫోన్‌లోనే కాక గూగుల్ ఖాతాలోనూ పోతుంది. ఫోన్‌లో మాత్రమే జాగా కావాలంటే ‘ఫ్రీ అప్ స్పేస్’ను ఎంచుకోవాలి. ఇది ఖాతాలో భద్రమైన వాటి ప్రతులనే ఫోన్ నుంచి తొలగిస్తుంది. అంతకుముందు బ్యాకప్ పూర్తయిందో లేదో తప్పక చూడాలి. అపరిమిత ఉచిత నిల్వ సదుపాయం 2021 జూన్ 1తో ముగిసింది. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి ఉచితంగా లభించేది 15 జీబీయే. అది నిండితే కొత్త ఫొటోల బ్యాకప్ ఆగిపోతుంది.

పొరపాటున తొలగిస్తే?

గూగుల్ ఫొటోస్‌లో డిలీట్ చేసిన, బ్యాకప్ అయిన ఫొటోలు చెత్తబుట్టలో 60 రోజులుంటాయి. ఐఫోన్‌లో ‘రీసెంట్లీ డిలీటెడ్’ విభాగంలో 30 రోజుల వరకు దొరుకుతాయి. ఈ గడువులోగా వెనక్కి తెచ్చుకోవచ్చు. అయితే చెత్తబుట్టలో ఉన్నంతకాలం అవి జాగా ఆక్రమిస్తూనే ఉండవచ్చు. అవసరమైనవేవీ అందులో లేవని నిర్ధారించుకున్నాకే దాన్ని ఖాళీ చేయాలి.

రెండుచోట్ల దాచుకోవాలి

పోగొట్టుకోలేని ఫొటోలను ముందుగా కంప్యూటరులోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసుకోవాలి. అక్కడ అవి తెరుచుకుంటున్నాయని చూశాకే ఫోన్‌లోనివి తీసివేయాలి. పెన్‌డ్రైవ్ పాడైతే అన్నీ పోతాయి కనుక మరోచోట కూడా ఒక ప్రతి ఉండాలి. నెట్ సెంటర్లో కాపీ చేయించుకునేవారు తమ ఫొటోలు అక్కడి కంప్యూటరులో మిగలకుండా తొలగింపజేయాలి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటి వాటిని 2015లో ప్రారంభమైన డిజిలాకర్ నుంచి పొందే వీలుంది. కుటుంబ ఫొటోలకు అటువంటి రెండో దారి లేదు. వాటిని కాపాడుకోవలసింది ఇంటివారే.