భానుమతీ రామకృష్ణ

భానుమతీ రామకృష్ణ (సెప్టెంబరు 7, 1925 - డిసెంబరు 24, 2005) దక్షిణ భారత చలనచిత్ర నటి, గాయని, నిర్మాత, దర్శకురాలు, కథారచయిత్రి. తెలుగు చిత్రానికి దర్శకత్వం వహించిన తొలి మహిళగా ఈమెను పేర్కొంటారు.

బాల్యం, చిత్రరంగ ప్రవేశం

భానుమతి ఒంగోలు సమీపానగల దొడ్డవరం గ్రామంలో బొమ్మరాజు వెంకటసుబ్బయ్య, సరస్వతమ్మ దంపతులకు జన్మించింది. సంగీతంలో తొలి గురువు తండ్రియే. సి.పుల్లయ్య దర్శకత్వంలో, కాళ్ళకూరి నారాయణరావు నాటకం ఆధారంగా వెలువడిన వరవిక్రయం (1939) ఆమె తొలిచిత్రం. అందులో కట్నమిచ్చి కొన్న పెళ్ళిని అంగీకరించలేక ప్రాణం తీసుకొనే కాళింది పాత్ర ఆమెది. కథానాయకుడు తన కుమార్తెను తాకరాదని తండ్రి నిర్మాతలకు షరతు పెట్టేవాడు.

కృష్ణప్రేమ చిత్రీకరణ సమయంలో సహాయ దర్శకుడు పి.ఎస్.రామకృష్ణారావుతో పరిచయమై, 1943లో ఆయనను ప్రేమించి వివాహమాడింది. పెళ్ళితో నటనకు స్వస్తి చెప్పాలనుకున్నా, బి.ఎన్.రెడ్డి తీసిన స్వర్గసీమ (1945) ఆమెను తిరిగి తెరకు తెచ్చింది. సంసారిని ఆకర్షించి అతని కాపురాన్ని కూలదోసే పాత్రను ఆ రోజుల్లో ఒక కుటుంబ స్త్రీ ధరించడం సాహసమే.

భరణీ సంస్థ, దర్శకత్వం

దంపతులు తమ కుమారుడు భరణి పేరిట చిత్రనిర్మాణ సంస్థను, తరువాత మద్రాసు సాలిగ్రామంలో స్టూడియోను నెలకొల్పారు. రత్నమాల, లైలామజ్ను (1949), విప్రనారాయణ (1954), బాటసారి (1961) ఈ సంస్థ చిత్రాలే. వీటికి దర్శకుడు రామకృష్ణారావు. చండీరాణి (1953) విషయంలో మాత్రం భానుమతి తానే దర్శకత్వం చేపట్టింది. ఎన్.టి.రామారావు సరసన ద్విపాత్రాభినయం చేస్తూ, పాటలు పాడుతూ, అదే చిత్రాన్ని తెలుగు, తమిళం, హిందీ భాషలు మూడింటిలోనూ నడిపించింది. దర్శకత్వ శాఖలో స్త్రీ కానరాని కాలమది. సొంత సంస్థ ఉండబట్టే ఆ అవకాశం లభించిందనడం సబబే, కాని సంస్థ ఉన్నంత మాత్రాన ఆ భారం మోయగలవారు అరుదు.

మిస్సమ్మ వివాదం

ఆమె స్వభావం గురించి తరచుగా చెప్పుకొనే ఉదంతమిది. విజయావారి మిస్సమ్మ (1955)లో మొదట కథానాయిక భానుమతియే. దర్శకుడు ఏలూరు సమీపాన సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి.ప్రసాద్. వరలక్ష్మీ వ్రతం కారణంగా ఒకనాడు చిత్రీకరణకు ఆలస్యంగా వచ్చిందనీ, నిర్మాతలలో ఒకరైన చక్రపాణి క్షమాపణ పత్రం కోరగా నిరాకరించిందనీ, అప్పటికి తీసిన రీళ్ళను ఆయన తగులబెట్టించాడనీ ప్రతీతి. ఆ పాత్ర సావిత్రికి దక్కి, ఆమెను అగ్రతారను చేసింది. భానుమతికిది చిన్న నష్టం కాదు. నోములు, పూజలు విడువని ఆచారపరురాలు, యజమాని మాటకు తలవంచని వృత్తినిపుణురాలు ఒకే వ్యక్తిలో ఉండడం ఇక్కడ గమనార్హం.

ఇతర విశేషాలు

అంతా మనమంచికే (1972), అమ్మాయి పెళ్ళి (1974), మనవడి కోసం (1977) తదితర చిత్రాలకు ఆమె దర్శకత్వం వహించింది. భక్త ధ్రువ మార్కండేయ (1982)ను బాలనటులతో రూపొందించింది. అత్తగారి కథలు పాఠకాదరణ పొందిన హాస్య రచన. అత్తాకోడళ్ళంటే కలహమే అనే వాడుకకు భిన్నంగా, చాదస్తపు అత్తగారిని చనువుగా, ఆప్యాయంగా నవ్వులపాలు చేసే కోడలు ఈ కథలు చెబుతుంది. ఆత్మకథ పేరు నాలో నేను. మద్రాసులోని ప్రభుత్వ సంగీత కళాశాలకు అధిపతిగానూ పనిచేసింది. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ పురస్కారాలు లభించాయి. 2005లో చెన్నైలో మరణించింది.