కిత్తనార పలుపులో పురి, అల్లిక

గుమ్మఘట్ట మండలం అనంతపురం కరవు పీఠభూమిలోనిది. ఉమ్మడి జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పత్రరంధ్రాలను ప్రధానంగా రాత్రివేళ తెరచే కిత్తనార ఇటువంటి మెట్టనేలల గట్లపై కంచెగా నిలుస్తుంది. దాని నారతో పలుపును పేనవచ్చు, అల్లవచ్చు. ఈ రెండూ ఒకటి కావు.

పేనేటప్పుడు ప్రతి పేటకు ఒక దిశలో పురి ఎక్కించి, మూడు పేటలను ఎదురు దిశలో కలుపుతారు. ఆ రెండు పురులు ఒకదానినొకటి పట్టి ఉంచుతాయి. అయితే పశువు గూటం చుట్టూ ఒకే వైపు తిరిగితే పురి విప్పుకొంటుంది, లేదా బిగిసి మెలిపడుతుంది. ఆ మెలిక వద్దనే నార తెగుతుంది. జడవలె అల్లినప్పుడు పేటలు కుడియెడమలకు మారుతూ పోవడం వల్ల ఈ బెడద చాలావరకు తప్పుతుంది. బల్లపరుపు అల్లిక మెడపై ఒత్తిడిని విస్తరింపజేస్తుంది. సన్నని నైలాన్ తాడుకు ఆ గుణం లేదు. శ్రమ మాత్రం ఎక్కువ. కావున మెడపట్టీని అల్లి, మిగిలిన పొడవును పేనడం మేలు. కట్టెలమోపుకు పేనిన తాడే చాలు. అల్లికలో కొత్త నార కలిపే అతుకులు మూడు పేటలలోనూ ఒకేచోట పడరాదు.

ఆకురసంలోని కాల్షియం ఆక్సలేట్ సూదులు దురద కలిగిస్తాయి. మట్టలను గీకేవారికి చేతితొడుగులు అవసరం. ఊరవేసిన నీరు చేపలకు హానికరం. భైరవానితిప్ప జలాశయంలోగాని, పశువులు త్రాగే కుంటలలోగాని మట్టలు ఊరవేయరాదు.