ప్రయాణం కట్టే పెద్దలకు కొన్ని కాగితాలు

హజ్‌కో ఉమ్రాకో బయలుదేరే పెద్దలు బంధువుల ఇళ్ళకూ ఇరుగుపొరుగు ఇళ్ళకూ వెళ్ళి "కహా సునా మాఫ్" అని చెప్పుకుంటారు. అప్పులు తీరుస్తారు, అమానతులు అప్పగిస్తారు. ఇది మనలో తరాలుగా వస్తున్న మంచి ఆనవాయితీ. అయితే ఆ అప్పగింతలన్నీ నోటిమాటగానే జరిగిపోతాయి. బ్యాంకు కౌంటరు దగ్గర, రిజిస్ట్రారు ఆఫీసులో, పరాయి దేశపు ఆసుపత్రిలో నోటిమాట చెల్లదు. అప్పును రాసి పెట్టుకోమని చెప్పే ఆయతే ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైనది (సూరా బఖరా, 282). రాసుకోవడం అపనమ్మకం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. యాత్రకు వెళ్ళేవారికే కాదు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి మూడు నెలలకో, అమెరికాలో ఉన్న కూతురి పురుటికి ఆరు నెలలకో వెళ్ళే అమ్మీ అబ్బాలకూ ఈ విషయాలు అవసరమే.

మొదట పేరు సంగతి చూద్దాం. మన ఇళ్ళలో ఒకే మనిషికి నాలుగు పేర్లుంటాయి. పాస్‌పోర్టులో 'షేక్ మస్తాన్ వలీ', ఆధార్‌లో 'ఎస్.కె. మస్తాన్‌వలి', పొలం పాస్‌పుస్తకంలో 'మస్తాన్ సాహెబ్'. ఒకచోట 'ఎం.డి.', ఇంకోచోట 'మహమ్మద్'. ఆడవాళ్ళ పేర్లయితే మరీను: ఒక కార్డులో బీ, ఒక కార్డులో బేగం, మరొక దాంట్లో ఏదీ లేదు. ఈ తికమకలో సగం బడి అడ్మిషన్ రిజిస్టరు దగ్గరే పుడుతుందని ఉపాధ్యాయులందరికీ తెలుసు. చెవికి వినబడినట్టు రాసుకుంటాం, అదే జీవితాంతం వెంట వస్తుంది. మనిషి ఎదురుగా ఉన్నంతకాలం దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఆయన దేశంలో లేనప్పుడో, అసలు లేనప్పుడో, ఈ నలుగురూ ఒక్కరేనని ఇంట్లోవాళ్ళు రుజువు చేసుకోవాలి. చిన్న పనులకు నోటరీ దగ్గర చేయించిన అఫిడవిట్‌తో గడుస్తుంది. శాశ్వతంగా బాగుండాలంటే పాస్‌పోర్టులోని పేరును ప్రమాణంగా పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాలను దానికి తగ్గట్టు దిద్దించుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి ఒకే పేరు ఉన్నవారు మరింత జాగ్రత్తపడాలి. ఒకే పేరున్న పాస్‌పోర్టు మీద విజిట్ వీసాతో వచ్చేవారిని అనుమతించబోమని యు.ఎ.ఇ. 2022 నవంబరులో ప్రకటించింది. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఇక అసలు విషయం. ఒక్కో కాగితానికి ఒక్కో ఆయుష్షు ఉంటుంది. మనిషి ఊళ్ళో లేనప్పుడు పనికొచ్చే కాగితం, మనిషి స్పృహలో లేనప్పుడు పనికిరాదు. ఈ తేడా తెలియకే చాలా కుటుంబాలు ఇబ్బంది పడుతున్నాయి.

ఊళ్ళో లేనప్పుడు పని నడిపేది ముఖ్తారునామా, అంటే పవర్ ఆఫ్ అటార్నీ. అన్ని అధికారాలూ ఇచ్చే జనరల్ పవర్ కంటే, ఫలానా ఇంటి అద్దె వసూలు, ఫలానా కేసు వాయిదాకు హాజరు అని పని పేరు చెప్పి ఇచ్చే స్పెషల్ పవర్ మంచిదని నా అభిప్రాయం. కొడుకైనా సరే. మీ తరఫున దస్తావేజు రిజిస్టరు చేయించే అధికారం ఇవ్వదలిస్తే నోటరీ ముద్ర చాలదు, సబ్ రిజిస్ట్రారు ఎదుట సంతకం చేసి ధృవీకరణ పొందాలి. ఇది మరిచిపోయి విమానం ఎక్కేసినవారు అక్కడి భారత కాన్సులేట్‌లో రాయించి పంపవచ్చు. అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. ఇంకొక మాట. జి.పి.ఎ. మీద ఇల్లు 'కొనుక్కుంటే' యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పింది. ఇప్పటికీ అలా కొనేవారున్నారు!

ఇచ్చిన మనిషి మరణిస్తే ముఖ్తారునామా ఆ క్షణమే రద్దవుతుంది. మతి స్థిమితం తప్పినా అంతే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ఈ మాట చెబుతుంది. అబ్బా పక్షవాతంతో కోమాలో ఉన్నారు, పెన్షను డబ్బు ఆయన ఒక్కరి పేరున ఉన్న ఖాతాలో ఉంది, ఆసుపత్రి బిల్లు రోజురోజుకూ పెరుగుతోంది, చేతిలో జి.పి.ఎ. ఉన్నా దాని బలం పోయింది. ఇలాంటి స్థితిలో సంరక్షకులుగా నియమించమని హైకోర్టు దాకా వెళ్ళిన కుటుంబాలు ఉన్నాయి. దీనికి సులువైన ముందుజాగ్రత్త ఒకటే: భార్యాభర్తల పేర్లతో ఉమ్మడి ఖాతా. ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు తీసుకునే షరతుతో ఉండాలి. బ్యాంకు వాళ్ళు 'ఈదర్ ఆర్ సర్వైవర్' అంటారు. మన ఇళ్ళలో అమ్మీ పేరున ఖాతా ఉండటమే తక్కువ. బయలుదేరే ముందు చేయగలిగిన అన్ని పనుల్లోకీ నేను దీన్నే ముందు పెడతాను.

తర్వాత నామినీ. నామినీగా పేరుంటే డబ్బంతా తనదే అనుకోవడం చాలా పెద్ద అపోహ. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే. అందుకున్నది వారసులకు వారి వారి వాటాల ప్రకారం పంచాలి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలు వచ్చింది. పాతికేళ్ళ క్రితం తెరిచిన ఖాతాలో నామినీగా ఎవరున్నారో, వారు ఇప్పుడు బతికి ఉన్నారో లేదో ఒకసారి చూడండి.

వసీయత్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు వరకే మన ఇష్టప్రకారం రాయగలం. ఇచ్చిన భాగం తప్ప బాకీ ఉన్న మహర్ కూడా అప్పే, అది భార్యకు ముందుగా చెల్లాలి. కాబట్టి ఎంత ఇచ్చారో, ఎంత మిగిలిందో రాసి పెట్టడం భర్త బాధ్యత. ఇప్పటికే వాటా ఉన్న వారసుడికి అదనంగా వసీయత్ రాస్తే, హనఫీ ఫిఖ్ ప్రకారం మిగతా వారసులు ఆయన మరణం తర్వాత ఒప్పుకుంటేనే చెల్లుతుంది. అందుకే పెద్ద కొడుక్కే అంతా అని రాసిన వీలునామాలు కోర్టులో నిలబడవు.

మరి ఆ మూడో వంతు ఎవరి కోసం? తండ్రిని పోగొట్టుకుని తాత ఇంట్లో పెరుగుతున్న మనవలు, మనవరాళ్ళ కోసం. తాతకు మరో కొడుకు బతికి ఉంటే, ముందే చనిపోయిన కొడుకు పిల్లలకు వారసత్వంలో వాటా రాదు. నేను చదువు చెప్పిన పిల్లల్లో ఇలా తాత నీడలో పెరిగి, ఆయన పోయాక చాచాల దయ మీద ఆధారపడినవారు ఉన్నారు. ఒక అమ్మాయి పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని కూడా ఇంటర్‌లో చేరలేదు. ఆ తాతకు మనవరాలంటే ప్రాణం, అయినా ఒక్క పేజీ రాసి పెట్టలేదు. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్ల కాగితం మీద రాసి తేదీ వేసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయిస్తే చాలు. రిజిస్టరు చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. మసీదుకో, మన సొసైటీ వంటి సంస్థకో రాయదలిచినా ఈ మూడో వంతులోనే సర్దాలి. నన్నడిగితే ఇంట్లో యతీమ్ ఉండగా బయటి సంస్థకు ముందు చోటు ఇవ్వవద్దంటాను.

బతికుండగానే భార్యకు ఇల్లు ఇవ్వాలనుకుంటే హిబా మార్గం ఉంది. ఇస్తున్నానని చెప్పడం, ఆమె స్వీకరించడం, స్వాధీనం చేయడం, మూడూ జరగాలి. స్వాధీనం ఇవ్వకుండా కాగితం మాత్రం రాస్తే అది హిబా కాదు.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో, 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. రాష్ట్ర పెన్షనర్లకు నెలలు వేరుగా ఉంటాయి కనుక ట్రెజరీలో అడగండి. ఆ సమయంలో విదేశంలో ఉంటే జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇవ్వవచ్చు, భారత కాన్సులేట్‌లో కూడా తీసుకోవచ్చు.

మందుల చీటీ కూడా కాగితమే. ట్రమడాల్, కోడీన్ కలిసిన నొప్పి మందులు, దగ్గు మందులపై గల్ఫ్ దేశాల్లో గట్టి నిఘా ఉంటుంది. డాక్టరు సంతకంతో, మందు అసలు పేరుతో ఇంగ్లీషు చీటీ దగ్గర ఉంచుకోండి. కొన్నిటికి ముందస్తు అనుమతి కూడా కావాలి. కొడుక్కి ఇష్టమని మసాలా పొడిలో గసగసాలు మాత్రం కలిపి పట్టుకెళ్ళవద్దు. సౌదీలోనూ యు.ఎ.ఇ.లోనూ అవి నిషేధం.

ఆస్తి దస్తావేజుల అసలు ప్రతులు ప్రయాణంలో తీసుకుపోవద్దు. పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్సు నకళ్ళు, అప్పులూ అమానతుల జాబితా, వసీయత్ ఎక్కడ ఉందో చెప్పే చీటీ ఒక కవరులో పెట్టి, ఇంట్లో ఉండేవారిలో ఒకరికీ, ప్రయాణంలో వెంట ఉండేవారిలో ఒకరికీ దాని సంగతి చెప్పండి.