ముందు నడిచే దండధారి

ఇంగ్లండులోని ఆంగ్లికన్ కెథడ్రల్ చర్చిలలో ఆరాధన ప్రారంభమయ్యే వేళ, గురువులకంటె ముందుగా ఒక వ్యక్తి నడచి వస్తారు. ఒంటిపై పొడుగాటి అంగీ, చేతిలో సన్నని దండం. ఆయన ప్రసంగించరు, ప్రార్థన నడిపించరు. ఆయనను ‘వర్జర్’ అంటారు. లాటిన్ భాషలో ‘విర్గా’ అంటే కర్ర. చేతిలోని కర్రే ఉద్యోగానికి పేరైంది.

మనకు ఈ పరంపర కొత్తది కాదు. మన చోపుదారు అనే మాట కూడా ఇటువంటిదే. పారశీకంలో ‘చోబ్’ అన్నా కర్రే. మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తుల ముందు దండం ధరించి నడిచేవారు చోపుదార్లే.

మధ్యయుగంలో వర్జర్ దండం అలంకారం కాదు. గుమిగూడిన జనాన్ని, ఒక్కొక్కప్పుడు పశువులను సైతం తొలగించి ఊరేగింపుకు దారి చేసే సాధనమది. నేడది మర్యాదకు చిహ్నం. వాక్యపఠనం చేయవలసినవారిని ఆసనం నుండి పఠనపీఠం వరకు తోడ్కొనిపోయి, తిరిగి ఆసనం చేర్చడం వర్జర్ విధులలో ఒకటి.

అయితే దండం చేతబట్టే సమయం స్వల్పం. తక్కిన వేళల్లో తలుపులు తెరవడం, కొవ్వొత్తులు సిద్ధం చేయడం, ప్రభురాత్రి భోజనపు పాత్రలను, వస్త్రాలను అమర్చడం, చదువవలసిన పుటకు గుర్తు పెట్టడం, సందర్శకులను కనిపెట్టి ఉండడం, చివరికి తాళం వేయడం ఆయన పనులు. వివాహమైనా, అంత్యక్రియలైనా ముందుగా వచ్చి, అందరూ వెళ్ళాక వెళ్ళేది ఆయనే. దీపం వెలగకపోతే అందరూ గమనిస్తారు. వెలిగితే వెలిగించినవారు ఎవరికీ గుర్తుకురారు.

ఇంగ్లండు సంఘపు వర్జర్లు 1932లో తమకొక సమాఖ్యను ఏర్పరచుకున్నారు. అది ఈ వృత్తిలో శిక్షణ కూడా ఇస్తుంది. నేడు స్త్రీలు సైతం ఈ బాధ్యత నిర్వహిస్తున్నారు.

సోమర్‌సెట్ మామ్ రచించిన ‘ది వర్జర్’ కథలో పదహారేళ్ళు కొలువు చేసిన వర్జర్‌ను, చదవను రాయను రాదన్న ఒకే కారణంతో తొలగిస్తారు. ఆయన పనిలో లోపమున్నదని ఎవరూ అనరు. ఒక మనిషి శ్రమను ఏ కొలబద్దతో కొలవాలన్న ప్రశ్న ఆ కథ చదివినవారి మనస్సులో మిగిలిపోతుంది.

ఈ ప్రశ్న చర్చిలకే పరిమితం కాదు. మనం కార్యాలయానికి చేరేసరికి గదులు ఊడ్చి, దీపాలు వెలిగించి, కుర్చీలు సర్ది ఉంటాయి. సభ జరిగే రోజున వేదికపై పత్రాలు వాటి స్థానాల్లో ఉంటాయి. ఆ పని చేసినవారి పేరు మనలో ఎందరికి తెలుసు? రేపు ఉదయం తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి వారిని పేరు పెట్టి పలకరిస్తే, అదీ ఒక మర్యాదే.